చాయ

పచారీ కొట్టులో మినప్పప్పు అడగగానే ఎదురు ప్రశ్న వస్తుంది: "పొట్టుదా, చాయదా?" నల్లటి పొట్టు పోయి, లోపలి తెల్లటి గింజ బయటపడితే అది చాయపప్పు. ఇదే మాట ఇంట్లో ఇంకో రకంగా వినిపిస్తుంది. పిల్లది చామనచాయ. గోడకు లేతపచ్చ చాయ. ఆ తగాదా చాయలకు పోవద్దు. ముఖంలో విచారపు ఛాయలు. ఒంటిరంగు, రంగులో తేడా, దరిదాపు, జాడ. సంస్కృతంలో మాత్రం ఛాయ అనగానే ముందు తోచేది నీడ.

అక్కడా నీడతో ఆగలేదు. అమరకోశం ఈ మాటకు నాలుగు అర్థాలు చెబుతుంది: సూర్యుడి భార్య, కాంతి, ప్రతిబింబం, ఎండ లేనిచోటు. కాంతికీ నీడకూ ఒకటే మాట ఏమిటని చాలాకాలం నాకు పట్టుబడలేదు. ఆకుల, కాయల ఛాయాచిత్రాలు శ్రద్ధగా చూడడం మొదలుపెట్టాక పట్టుబడింది.

ఫొటోగ్రఫీ అంటే గ్రీకు మూలాల ప్రకారం వెలుగుతో రాయడం. మనం దాన్ని ఛాయాచిత్రం చేసుకున్నాం. వెలుగును వదిలి నీడను పట్టుకున్నట్టు కనిపిస్తుంది గానీ, ఆ విద్య పుట్టింది నీడలోనే. ఇంగ్లండులో టాల్బట్ 1839లో తన పద్ధతిని వివరిస్తూ రాసిన వ్యాసంలో ఒక భాగానికి నీడను నిలిపి ఉంచే కళ అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టాడు. వెండి లవణం పట్టించిన కాగితం మీద ఆకును ఉంచి ఎండలో పెడితే, ఎండ తగిలినంత మేరా నల్లబడింది. ఆకు నీడ పడినచోటు తెల్లగా మిగిలింది. నీడ తెల్లన, వెలుగు నల్లన!

అనా అట్కిన్స్ 1843లో సముద్రపు నాచు మొక్కలను ఇలాగే ఎండతో అచ్చొత్తి పుస్తకంగా తేవడం మొదలుపెట్టింది. అయితే ఆమె వాడింది అంతకు ముందటి ఏడాది హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి. ఇనుప లవణాలు పూసిన కాగితం మీద నాచును పరిచి ఎండలో పెట్టి, తర్వాత నీళ్లలో కడిగితే చాలు, కాగితం ముదురు నీలానికి తిరుగుతుంది, నాచు తెల్లగా తేలుతుంది. కెమెరా అవసరమే లేదు. పలచటి రెమ్మల గుండా కాస్త ఎండ దిగిన చోట లేతనీలం పడింది. నీడకు కూడా చాయలున్నాయని ఆ పుటలు చూస్తే తెలుస్తుంది. ఛాయాచిత్రాలతో వచ్చిన మొట్టమొదటి పుస్తకం అదే.

కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో తీసిన 30వ నంబరు క్యాప్సికం చిత్రం చూడండి. కాయను ఒక రేకు గరాటు నోట్లో కూర్చోబెట్టాడు. గరాటు వంపుల మీద పడిన వెలుతురు చెదిరి కాయ మీదికి మళ్లింది. మడతల్లో నీడ, ఉబ్బుల మీద నిగనిగ, చుట్టూ ప్రతిఫలించిన కాంతి. ఏ ఒక్కటి తగ్గినా ఆ కాయకు ఒళ్లు రాదు. కూరగాయ అన్న పొట్టు ఊడిపోయి, కాయ దాని చాయతో మిగిలింది.

చార్లెస్ జోన్స్ ఇంగ్లండులో తోటమాలి. తాను పెంచిన బఠానీలను, ఉల్లిగడ్డలను, ముల్లంగి జాతి దుంపలను వెనక ఏ హంగూ లేకుండా నిలబెట్టి ఫొటోలు తీసి, ఒక్కో ఫొటో వెనకవైపు ఆ రకం పేరు రాసుకున్నాడు. ఎవరికీ చూపుకున్నట్టు లేదు. 1959లో పోయాడు. 1981లో లండన్‌లోని బెర్మాండ్సీ అంగట్లో ఒక ట్రంకుపెట్టెలో ఆయన తీసిన ఫొటోలు వందల కొద్దీ దొరికాయి. తీసిన గాజు పలకలు మిగల్లేదు, కాగితం మీది ఛాయలే మిగిలాయి. జాడ అనే అర్థం ఆ పెట్టెలో నాకు దొరికింది.

ఇవాళ పొద్దున వంటింటి కిటికీ గట్టు మీద ఒక వంకాయ పెట్టి చూశాను. భుజం మీద తెల్లటి మెరుపు గీత. దాని పక్కన ఊదారంగు. అడుగున గట్టు మీద నీడ. మెరుపు ఎక్కడ ఆగిందో, రంగు ఎక్కడ మొదలైందో, అది ఎప్పుడు నీడలోకి జారిందో ఎంత చూసినా గీత గీయలేకపోయాను. ఆ గీత గీయనక్కర్లేదని మన మాట ముందే చెప్పింది. మూడూ చాయే.