అటక మీది చందమామకు ధరెంత?

ఆత్రేయపురం నుంచి బొబ్బర్లంక మీదుగా ఆనకట్ట దాటితే వచ్చేది ధవళేశ్వరం. ‘బుడుగు’ రాసిన ముళ్లపూడి వెంకటరమణ పుట్టిన ఊరది. బుడుగుకు బొమ్మగట్టిన బాపుది దిగువన నరసాపురం. ‘డుంబు’ని గీసిన బుజ్జాయి కృష్ణశాస్త్రిగారి అబ్బాయి, పిఠాపురం వైపు మనిషి. తెలుగులో బొమ్మా కథా జోడుగా నడిచిన దారిలో గోదావరి వాళ్ల అడుగులే చాలా కనిపిస్తాయి. ఆ బొమ్మల కథలు వేసిన పత్రికల్ని తరాల తరబడి దాచుకున్న ఇళ్లూ ఇక్కడ తక్కువేం కాదు. వాటి ఖరీదెంతో చెప్పే పుస్తకమే తెలుగులో రాలేదు.

అమెరికాలో వచ్చింది. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ అనే ఆయన పాత కామిక్ పుస్తకాల ధరలన్నీ ఒకచోట చేర్చి అచ్చువేశాడు. సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక 1938లో 10 సెంట్లు. ఓవర్‌స్ట్రీట్ దానికి కట్టిన ధర 300 డాలర్లు. ఆ సంచిక ప్రతి ఒకటి 2014లో 32 లక్షల డాలర్లకు పోయింది. మరొకటి 2024లో 60 లక్షలు పలికింది.

ఈ అంకెలు చూసి ధరల పుస్తకాన్ని పంచాంగం అనుకునేవాళ్లున్నారు. అది చెప్పేది జరగబోయేది కాదు, జరిగిన అమ్మకాల లెక్క. ఏడాదికోసారి వచ్చే పుస్తకం కనుక అచ్చు ఆరేలోపే బజారు మారిపోవచ్చు. పైగా అందులో ఉన్నది దుకాణంలో కొనేవాడు ఇచ్చుకోవాల్సిన ధర. అమ్ముకునేవాడి చేతికి అందులో సగం వచ్చినా సంతోషించాల్సిందే.

దాని అసలు ఉపయోగం వేరే ఉంది. ఏ సంచిక ఏదో, ఏది అసలో, ఏది మళ్లీ వేసిందో తేల్చి చెబుతుంది. ఇందాకటి ‘యాక్షన్ కామిక్స్’నే 1974లో పెద్ద సైజులో పునర్ముద్రించారు. దాని పై అట్ట ఊడదీస్తే లోపల అచ్చం 1938 నాటి అట్టే ఉంటుంది. దాన్ని అసలు ప్రతిగా అంటగట్టే ఘనులు బయల్దేరారు. సైజు కొలిచి చూసుకోండి బాబూ అని ఓవర్‌స్ట్రీట్ హెచ్చరించాల్సి వచ్చింది.

ఈ జాగ్రత్త మన ‘చందమామ’కూ కావాలి. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక అది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని నడిపించారు. పాఠకులు అడిగారని పాత ధారావాహికల్ని తర్వాతి దశాబ్దాల్లో మళ్లీ వేశారు. కాబట్టి ‘మా ఇంట్లో ఫలానా సీరియల్ మొత్తం ఉంది’ అంటే సరిపోదు. నెలా సంవత్సరం చూస్తేనే అది తొలి ప్రచురణో, రెండోసారి వేసిందో తెలుస్తుంది.

ప్రతి ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి ధర కట్టే ఓవర్‌స్ట్రీట్ కొలత మన దగ్గర తడబడేది బైండు దగ్గర. ఏడాది పన్నెండు సంచికలూ పోగేసి బైండరుకిస్తే ఆయన ముందుగా అట్టలు చించేవాడు, ప్రకటనల కాగితాలు తీసేసేవాడు. మిగిలినవాటిని దారంతో కుట్టి, మూడు పక్కలా అంచులు కోసి సమం చేసేవాడు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన జిగురుతో దళసరి అట్ట అంటించి, వీపుకు క్యాలికో గుడ్డ వేసేవాడు. అద్దె పుస్తకాల కొట్టు ప్రతి అయితే ముద్రలు కూడా ఉంటాయి. అట్ట లేదు, అంచు లేదు, ముద్రలున్నాయి: అమెరికా లెక్కలో ఇది అట్టడుగు తరగతి. తెలుగు సంచికలు ఇన్నేళ్లు బతికి ఉన్నాయంటే మాత్రం ఆ బైండు చలవే. వడ్డాది పాపయ్య అట్టబొమ్మల కోసం నేడు వెతుకులాడేవాళ్లకు ఆ బైండరు మీద కోపం రావడమూ న్యాయమే.

బైండుకు నోచుకోని వాటికి ధర కట్టింది పాత పేపర్ల వాడి త్రాసు. కిలోకింత. అదీ తప్పించుకున్నవాటిని తేమ, చెదలు చూసుకున్నాయి. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారింది. 1996 నవంబరు తుపాను కోనసీమ ఇళ్ల కప్పుల్నే లేపేసింది. తడిసిన కాగితాన్ని ఆరబెట్టుకునే తీరిక అప్పుడు ఎవరికుంటుంది? డెల్టాలో శుభ్రమైన పాత సంచిక దొరికితే అరుదు అనడానికి ఈ సంగతులు చాలు.

ఇప్పుడు పాత చందమామలు స్కాన్ రూపంలో ఉచితంగా దొరుకుతున్నాయి. చదువుకోవడానికైతే డబ్బు పెట్టక్కర్లేదు. పత్రిక 2007లో చేతులు మారి, కొన్నేళ్లకే ఆగిపోయింది కనుక కొత్త సంచికలు రావు. కొనేవాడు ఇక కాగితానికీ అట్టకీ మాత్రమే డబ్బిస్తాడు. అటువంటి బేరంలో తెలుగువాళ్లకు ముందు కావలసింది ధరల పట్టిక కాదు, సంచికల జాబితా: ఏ నెల, ఎవరి అట్టబొమ్మ, ఏ సీరియల్ మొదటి భాగం, పునర్ముద్రణ అయితే ఎప్పటిది. అది కుదిరాక ధరలు వాటంతటవే తేలతాయి. అందాకా ఇంట్లో పాత సంచికలున్నవాళ్లు వాటిని తూకానికి వేసేముందు నెలా సంవత్సరం ఒక కాగితం మీద రాసుకోండి. అట్ట ఉన్న ప్రతిని మాత్రం బైండరుకు ఇవ్వకండి.