పాత బట్టల పునర్వినియోగం – హుమ్మ ప్రాంత కుటుంబాలకు ఉపయుక్త విషయాలు

ఒకరు ధరించి విడిచిన బట్టను శుభ్రపరచి, అవసరమైనచో బాగుచేసి మరొకరు ధరించుటయే బట్టల పునర్వినియోగము. దీనివలన ఇంటి ఖర్చు తగ్గును, నీరు, నేల కూడా కాపాడబడును.

ప్రాంత పరిస్థితి

హుమ్మ గంజాం జిల్లాలో ఉప్పు మడులకు పేరుపొందిన గ్రామము. హౌరా–చెన్నై రైలు మార్గంలో రంభ, గంజాం స్టేషన్ల నడుమ ఉన్నది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు ఈ ప్రాంతము మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. వానలు పడగానే ఉప్పు పని ఆగిపోవును. రజ పండుగ, బడులు తెరిచే రోజులు కూడా అప్పుడే వచ్చును. రాబడి తగ్గిన నెలలోనే బట్టల ఖర్చు మీద పడుట ఇక్కడి కుటుంబాల అసలు ఇబ్బంది. ఈ జిల్లా నుండి ఎందరో సూరత్ మరమగ్గాలపై బట్ట నేయుటకు వలస పోవుచున్నారు. అయినను వారి ఇళ్ళలో సైతము కొత్త బట్ట కొనుట తేలిక కాదు.

సంప్రదాయం

పాత బట్ట మనకు కొత్త కాదు. పురిటిబిడ్డకు మొదట తొడిగేది మెత్తబడిన పాత నూలుబట్టనే. అమ్మమ్మ చీరలు బొంతలగును. ఒడియావారు దానినే కంథా అందురు. ‘కంథ’ అను మాట తెలుగు నిఘంటువులలోనూ బొంత అను అర్థముతోనే ఉన్నది. కనుక అన్న చొక్కా తమ్ముడు తొడుగుటలో చిన్నతనమేమీ లేదు. అయితే పండుగకు పిల్లలకు ఒక్క జత అయినా కొత్తది ఉండవలెనని పెద్దలు కోరుట సహజము. నిత్యము ధరించే బట్టలలో చేసిన పొదుపే ఆ ఒక్క జతకు ఉపయోగపడును.

లెక్క

ఉదాహరణకు 600 రూపాయల కొత్త ప్యాంటును బాలుడు ఎదిగేలోగా 60 సార్లు తొడిగిన, ఒక్కసారికి 10 రూపాయలు పడును. అటువంటిదే పాతది 150 రూపాయలకు కొని, 30 రూపాయలతో అంచు కుట్టించి 45 సార్లు తొడిగిన, ఒక్కసారికి 4 రూపాయలే. మరమ్మతు కూలి కలుపక ధర చూచుట పొరపాటు.

కొనేముందు చూడవలసినవి

– బట్టను వెలుతురుకు ఎత్తి పట్టి చూడవలెను. మోకాలు, మోచేయి, పిరుదుల వద్ద నేత పలుచబడినచో అది ఎక్కువ కాలము నిలువదు.
– ఊడిన గుండీ, జారిన అంచు సులభముగా బాగుపడును. చంకలో చిరిగిన బట్ట, సాగిపోయిన అల్లిక బట్ట బాగుపడవు.
– ఉప్పు మడులలో పనికి పొడుగు చేతుల నూలు చొక్కాలు మేలు. ఇనుప జిప్పు తుప్పుపట్టును. గుండీలు, నాడాలు మంచివి.
– పొయ్యివద్ద పాలిస్టరు వద్దు. నిప్పంటినచో కరిగి చర్మానికి అతుక్కొనును.
– యూనిఫాం రంగు బడిని బట్టి, రాష్ట్రాన్ని బట్టి మారును. ముందు విచారించి కొనవలెను.
– లోదుస్తులు పాతవి కొనరాదు.

శుభ్రపరచుట

తెచ్చిన బట్టలను ఇంటి బట్టలతో కలుపక, వేడినీటిలో సబ్బుతో ఉతికి, తిరగవేసి ఎండలో ఆరవేయవలెను. వేడినీరు పనికిరాని బట్టలను ప్లాస్టిక్ సంచిలో వారము రోజులు గట్టిగా మూసి ఉంచవలెను. గజ్జి పురుగు మనిషి శరీరాన్ని విడిచి కొద్ది రోజులకన్నా ఎక్కువ బ్రతుకదు.

స్టీలు సామాన్ల మారకం

వీధిలోకి వచ్చే స్టీలు సామాన్లవారు తీసుకొన్న బట్టలు వృథాగా పోవు. మంచివి పట్టణాల పాత బట్టల బజారులకు చేరును. చిరిగినవి యంత్రాలు తుడిచే గుడ్డలగును. పాత ఉన్ని బట్టల నుండి హర్యానాలోని పానిపట్టులో మరల నూలు తీసి కంబళ్ళు నేయుదురు. కాబట్టి మారకానికి ముందు బట్టలను విడదీయవలెను. బరంపురం పట్టుచీర వంటివి ఒక గిన్నెకు ఇచ్చివేయరాదు. జరీలో నిజమైన వెండి ఉన్నచో దానికి వేరే ధర పలుకును. రెండు అంగళ్ళలో అడిగిన తరువాతనే ఇయ్యవలెను.

నీరు, నేల

ఒక్క నూలు టీషర్టు తయారగుటకు, పత్తి పంటతో కలిపి, సుమారు 2,700 లీటర్ల నీరు పట్టునని అంచనా. పాలిస్టరు మట్టిలో తేలికగా కలియదు. కాల్చినచో హానికరమైన పొగ వచ్చును.

దానం

1999 అక్టోబరు 29 నాటి పెను తుపానును, 2013 అక్టోబరు 12న గోపాలపురం వద్ద తీరము దాటిన ఫైలిన్‌ను ఎరిగిన జిల్లా ఇది. ఆపద వేళ బట్టలు ఇచ్చేవారూ, పుచ్చుకొనేవారూ మనమే. 2004 సునామీ తరువాత తమిళనాడులో పనికిరాని బట్టలు గుట్టలుగా మిగిలిపోయినవి. వాటిని ఏరి వాడుకలోనికి తెచ్చిన వారిలో 1999లో ఢిల్లీలో మొదలైన గూంజ్ సంస్థ ఒకటి. దాని స్థాపకులు అంశు గుప్తాకు 2015లో మెగసెసే పురస్కారము లభించినది. ఉతికి, గుండీలు కుట్టి, కొలతల వారీగా కట్టలు కట్టి ఇచ్చిన బట్టయే పుచ్చుకొన్నవారికి ఉపయోగపడును. తాము తొడుగలేని బట్టను దానమియ్యరాదు.