‘మతం’ కాలమ్ వెనుక చరిత్ర



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు గనుక నేను వేరే విషయం ఎత్తుకుంటున్నాను. మనం ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ‘మతం’ అనే కాలమ్ ఎన్ని ఫారాల్లో చూశామో లెక్క లేదు. కుల ధ్రువీకరణ పత్రం, బడిలో ప్రవేశం, జనాభా లెక్కల షెడ్యూలు, అన్నిటిలోనూ ఆ కాలమ్ ఉంటుంది. పూరించటానికి రెండు క్షణాలు చాలు. కాని అసలు మతం అంటే ఏమిటో చెప్పటానికి పండితులు సుమారు 150 సంవత్సరాలుగా తంటాలు పడుతూనే ఉన్నారు. రిటైరయిన తరువాత తీరిక దొరికి ఈ విషయం మీద నాలుగు పుస్తకాలు తిరగవేశాను. నాకు బోధపడినంత మేరకు మీతో పంచుకుంటాను.

మాట పుట్టుక

‘మతం’ సంస్కృత పదం. ‘మన్’ అనే ధాతువు నుండి వచ్చింది. తలచటం, ఆలోచించటం అని దాని అర్థం. కనుక మతం అంటే మొదట అభిప్రాయం మాత్రమే. సమ్మతం, అభిమతం అనే మాటల్లో ఆ పాత అర్థం ఇప్పటికీ ఉంది. అద్వైతమతం, విశిష్టాద్వైతమతం, ద్వైతమతం అన్నా అదే అర్థం. శైవం, వైష్ణవం, శాక్తం, సౌరం, గాణాపత్యం, కౌమారం అనే ఆరింటినీ కలిపి షణ్మతాలు అన్నారు. పూర్వం ఆరు మతాలుగా లెక్కించినవాటిని ఇప్పుడు ఫారంలో ఒక్క మాటతో సరిపెడుతున్నామన్నమాట.

ఇంగ్లీషు వారి ‘రిలిజియన్’కు లాటిన్ భాషలో ‘రెలిజియో’ మూలం. దానిని శ్రద్ధతో మళ్ళీ మళ్ళీ పరిశీలించటం అనే ధాతువు నుండి సిసిరో రాబట్టాడు. క్రైస్తవ రచయిత లాక్టాంటియస్ మాత్రం అది దేవునితో ‘కట్టివేయటం’ అనే అర్థం నుండి వచ్చిందన్నాడు. అంటే రెండువేల ఏళ్ళ క్రితం పుట్టిన వివాదం ఇది. అరబ్బీలో ‘దీన్’ అనే మాటలో విధేయత, తీర్పు అనే అర్థాలున్నాయి. మన ‘ధర్మం’ నిలబెట్టేది, ధరించేది. నాలుగు భాషల వారు నాలుగు వేరు వేరు సంగతులు చెబుతుంటే, 19వ శతాబ్దంలో అన్నిటినీ తెచ్చి ఒకే శీర్షిక క్రింద పెట్టారు. చిక్కంతా అక్కడే మొదలైంది.

పండితుల నిర్వచనాలు

సాయణ భాష్యంతో ఋగ్వేదాన్ని అచ్చు వేయించిన మాక్స్ ముల్లర్ 1870లో లండన్‌లో కొన్ని ఉపన్యాసాలిచ్చాడు. 1873లో అవి పుస్తకంగా వచ్చాయి. భాషలను పోల్చి చదివినట్లే మతాలను కూడా పోల్చి చదవాలని, అలా పోల్చనివాడికి తన మతం కూడా సరిగా అర్థం కాదని ఆయన వాదన. ఆయన ఏనాడూ మన దేశంలో అడుగు పెట్టలేదు. అయినా ‘ప్రపంచ మతాలు’ అనే చదువుకు ఆయనే పునాది వేశాడనవచ్చు.

1871లో టైలర్ అనే ఇంగ్లీషు పండితుడు అతి చిన్న నిర్వచనం ఇచ్చాడు. కంటికి కనపడని ఆత్మల మీద, దేవతల మీద నమ్మకం ఉంటే అది మతం అన్నాడు. వినటానికి బాగానే ఉంది. కాని మన మామిడికుదురు దగ్గర ఆదుర్రు వెళ్ళి చూడండి. వైనతేయ గోదావరి ఒడ్డున ఇటుకలతో కట్టిన బౌద్ధ స్తూపం శిథిలాలున్నాయి. అశోకుని కుమార్తె సంఘమిత్ర సింహళానికి పోతూ అక్కడ ఆగిందని ఆ చుట్టుపక్కలవారు చెప్పుకుంటారు. అక్కడ భిక్షువులు సృష్టికర్త అయిన దేవుణ్ణి కొలవలేదు. దుఃఖం, దాని కారణం, దాని నివారణ, ఇదే వారి బోధ. టైలర్ కొలబద్ద పెడితే ఆ స్తూపాన్ని ఏ కాలమ్‌లో వ్రాయాలి?

ఫ్రాన్సు దేశపు డర్క్‌హైం సరిగ్గా ఈ బౌద్ధాన్నే చూపించి టైలర్‌ను కాదన్నాడు. 1912లో వచ్చిన తన గ్రంథంలో ఆయన చెప్పింది వేరు. ఒక సమాజం కొన్నిటిని పవిత్రమైనవిగా వేరుచేసి పెట్టుకుంటుంది. వాటి చుట్టూ అల్లుకున్న నమ్మకాలు, ఆచారాలు ఆ మనుషులందరినీ ఒక సంఘంగా కట్టి ఉంచుతాయి. ఆయన దృష్టిలో అదే మతం.

ఈ మాట అర్థం కావాలంటే మన జగ్గన్నతోట చాలు. కనుమ రోజున వ్యాఘ్రేశ్వరం, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం మొదలైన 11 గ్రామాల నుండి ఏకాదశ రుద్రులు ప్రభల మీద వస్తారు. వరిచేలు తొక్కుకుంటూ, కౌశిక నీళ్ళలో దిగి, ప్రభ ఒరగకుండా మోసుకొస్తారు. తీరా వచ్చి చేరేది గుడికి కాదు, ఒట్టి కొబ్బరితోటకు. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ రాగానే మిగతా ప్రభలను ఒకసారి పైకెత్తి గౌరవం చూపుతారు. తన చేను తొక్కారని ఆ రోజు ఏ రైతూ తగవుకు రాడు. తొక్కించుకోవటమే భాగ్యం అనుకుంటాడు. నీ సిద్ధాంతం అద్వైతమా, ద్వైతమా అని ప్రభ మోసేవాడిని ఎవరూ అడగరు. ఊళ్ళకు ఊళ్ళు ఒకచోట చేరటమే అక్కడ ప్రధానం. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ దినోత్సవ కవాతులో మన రాష్ట్రం తరఫున ఈ ప్రభల తీర్థమే శకటంగా నడిచిన సంగతి మీకు తెలిసినదే.

అలాగని డర్క్‌హైం మాటతో అంతా తేలిపోలేదు. జనసమ్మర్దానికి దూరంగా గోదావరి ఒడ్డున ఒంటరిగా జపం చేసుకునే వృద్ధుడి సంగతేమిటి? జర్మన్ పండితుడు ఆటో 1917లో ఈ వైపు నుండి వచ్చాడు. మనిషిని ఏకకాలంలో వణికించేది, ఆకర్షించేది అయిన ఒక మహత్తర అనుభవమే మతానికి గుండెకాయ అన్నాడు. ఆ తరువాత నినియన్ స్మార్ట్ అనే ఆయన ఏ ఒక్కటీ చాలదని తేల్చి ఏడు ముఖాలు చూడమన్నాడు. ఆచారం, పురాణకథ, అనుభవం, సిద్ధాంతం, నీతి, సంఘం, గుడి విగ్రహం వంటి వస్తురూపం, ఇవీ ఆ ఏడు. ఒక మతంలో ఒక ముఖం పెద్దది, మరొక దానిలో ఇంకొకటి పెద్దది.

వీరందరికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవాడు కెనడాకు చెందిన విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్. స్వాతంత్ర్యానికి ముందు లాహోరులో పాఠాలు చెప్పినవాడు. మతం అనే పేరుతో గిరిగీసిన, ఒకదానితో ఒకటి కలవని పెట్టెలు ఇటీవలి కల్పన అని 1962లో వ్రాశాడు. మనుషుల్లో ఉన్నది విశ్వాసం, వారి వెనుక ఉన్నది తరతరాలుగా పేరుకున్న సంప్రదాయం, ఈ రెండూ చాలు, ‘మతం’ అనే మాటనే వదిలేయవచ్చు అన్నాడు.

సర్కారు వారి నిర్వచనం

పండితుడు ఆ మాటను వదిలేయగలడు గాని గుమాస్తా వదిలేయలేడు గదా! కాలమ్ ఖాళీగా ఉంటే పై అధికారి ఫైలు తిప్పి పంపుతాడు.

బ్రిటిషు ప్రభుత్వం 1872 నుండి జనాభా లెక్కలలో మతం అడుగుతూ వచ్చింది. 1911 లెక్కల కమిషనరు గేట్ దొరకు హిందువు అంటే ఎవరో తేలలేదు. హిందువులుగా వ్రాయించుకున్నవారిలో ఎవరెవరు బ్రాహ్మణుల ఆధిక్యాన్ని ఒప్పుకోరు, వేదప్రమాణం ఒప్పుకోరు, ఎవరికి గుడిలోపలికి ప్రవేశం లేదు, ఎవరు శవాన్ని పూడ్చిపెడతారు, ఇలా 10 పరీక్షలు పెట్టి వేరుగా లెక్క తీయమని ఉత్తరువు పంపాడు. అదే లెక్కలలో గుజరాత్ వైపు కొందరు రెండు మతాల ఆచారాలూ పాటిస్తుంటే అక్కడి అధికారి వారిని ‘హిందూ మహమ్మదీయులు’ అని వ్రాశాడు. అలా కుదరదు, ఏదో ఒకటే వ్రాయాలి అని గేట్ మందలించాడు. అక్కడి మనుషుల జీవితంలో రెండు ఆచారాలకు చోటుంది. ఫారంలో లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ ప్రశ్న కోర్టులకెక్కింది. మద్రాసు దేవాదాయ చట్టం 1951 మీద ఉడిపి శిరూరు మఠం వారు వేసిన కేసులో 1954లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1953 అక్టోబరు 1 దాకా మనమూ మద్రాసు రాష్ట్రం వారమే, ఆ చట్టం మన దేవాలయాలకూ వర్తించినదే. మతానికి దేవుడు ఉండితీరాలని లేదని, బౌద్ధ జైనాలే అందుకు సాక్ష్యమని, నమ్మకాలే కాక పూజావిధులు, ఆహార నియమాలు, వేషధారణ కూడా మతంలో భాగం కావచ్చునని కోర్టు చెప్పింది. ఆదుర్రు స్తూపానికి టైలర్ ఇవ్వని చోటు మన సుప్రీంకోర్టు ఇచ్చిందన్నమాట! మన రాష్ట్రపు 1987 దేవాదాయ చట్టం వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేసినప్పుడు మళ్ళీ ఇదే ప్రశ్న వచ్చింది. అర్చకుడు చేసే పూజ మతానికి చెందినదే గాని, అర్చకుణ్ణి నియమించటం లౌకిక వ్యవహారమని 1996లో తీర్పు వచ్చింది.

1955 హిందూ వివాహ చట్టం మరీ గడుసుది. హిందువు అంటే ఇది అని చెప్పలేక, బౌద్ధులను, జైనులను, సిక్కులను కలుపుకుని, ఆపైన ముస్లిము, క్రైస్తవుడు, పార్శీ, యూదుడు కాని ప్రతివాడికీ వర్తిస్తుంది అని వ్రాసి ఊరుకుంది.

అన్నిటికంటే మన ప్రాంతంలో బరువైనది 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తరువు. దాని 3వ పేరా ప్రకారం మొదట హిందువులకే ఆ హోదా ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవం తీసుకున్నవారిని మన రాష్ట్రంలో బి.సి. ‘సి’ గ్రూపులో చేర్చి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు సఖినేటిపల్లికి ఆవలిగట్టున నరసాపురంలో స్థిరపడిన నాటి నుండి ఈ డెల్టాలో క్రైస్తవం ఉంది. కనుక ఇక్కడ ఆ కాలమ్‌లో వ్రాసే ఒక్క మాట మీద పిల్లవాడి చదువు, ఉద్యోగం, సర్పంచి పదవి ఆధారపడి ఉంటాయి. ఈ ప్రశ్న పరిశీలనకు 2022 అక్టోబరులో జస్టిస్ బాలకృష్ణన్ అధ్యక్షతన కేంద్రం ఒక కమిషన్ కూడా వేసింది.

ఒక ఇంటి ముంగిట

1991 జనగణనలో నేను రాజోలు తాలూకా తీరగ్రామాలలో తిరిగాను. ఒక ఇంట్లో ముసలమ్మను ‘మీ మతం ఏమిటమ్మా?’ అని అడిగాను. “మతవంటే ఏటి బాబూ? అమ్మోరికి మొక్కుతాం. అంతర్వేది తీర్థానికి ఎల్తాం. మా కోడలు ఆదివారం పార్థనకెల్తది. పిల్లోడికి జొరవొత్తే దర్గాకాడ తాయెత్తు కట్టించాం. ఇందులో నీకేది కావాలో రాసుకో” అంది. సెన్సస్ సూచనల పుస్తకం ప్రకారం ఎవరు ఏ మతం చెబితే అదే వ్రాయాలి, మనం నిర్ణయించకూడదు. అందుచేత ఆమెకు మళ్ళీ ఓపికగా చెప్పి, కోడలిది కోడలిని అడిగి, ఎవరిది వారి నోటితో చెప్పించి వ్రాసుకున్నాను. ఆ ముసలమ్మకు లోపల తికమక ఏమీ లేదు. తికమకంతా నా చేతిలోని కాగితానిదే.

మన జిల్లాకు 2022 నుండి ఎవరి పేరు ఉన్నదో ఆ అంబేద్కర్ గారు కూడా ఇదే ప్రశ్నతో చివరిదాకా కుస్తీ పట్టారు. 1956 అక్టోబరు 14న నాగపూరులో బౌద్ధం స్వీకరించారు. ఆయన మరణానంతరం 1957లో వచ్చిన ‘బుద్ధుడు - ధమ్మం’ గ్రంథంలో మతం అనే మాటకు స్థిరమైన అర్థం లేదని చెప్పి, ధమ్మాన్ని దానినుండి వేరు చేశారు. మతం మనిషికి, దేవుడికి మధ్య వ్యక్తిగత వ్యవహారం, ధమ్మం మనిషికి, మనిషికి మధ్య నడవవలసిన తీరు అని ఆయన భావం. పండితుల నిర్వచనాలలో తోటిమనిషిని ఎలా చూస్తున్నావు అనే ప్రశ్నను ఇంత సూటిగా అడిగినది నాకు మరొకటి కనపడలేదు.

ఇన్ని చదివిన తరువాత నాకు తేలినది ఇది. ప్రతి నిర్వచనమూ ఎవరో ఒకరు తమ పని కోసం చేసుకున్న పనిముట్టు. పండితుడికి పోల్చటానికి, సర్కారుకు లెక్కకు, కోర్టుకు తగవు తీర్చటానికి అవి కావాలి. అవసరమే, కాదనను. కాని కుంచంతో కొలిచినంత మాత్రాన గోదావరి కుంచంలో పట్టదు గదా!

2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి, 2027 మార్చి 1 తేదీ ప్రమాణంగా జరపాలని 2025 జూన్‌లో నోటిఫికేషన్ వచ్చింది. ఈసారి కులం కూడా అడుగుతారు. ఎన్యూమరేటర్లుగా తిరిగేవారిలో మన పిల్లలు, మన దగ్గర పని నేర్చుకున్నవారు ఉంటారు. మనం వారికి చెప్పదగిన మాట ఒకటే. ఎదుటి మనిషిని పేరు చూసి, బొట్టు చూసి, వీధి చూసి కాలమ్ నింపవద్దు. అడగండి, చెప్పేదాకా ఆగండి, చెప్పింది చెప్పినట్లు వ్రాయండి. అలాగే ఇరుగుపొరుగు వారి మతం అసలైనదా కాదా అని తీర్పు చెప్పే పని మనలో ఎవరికీ ఏ ప్రభుత్వమూ అప్పగించలేదని గుర్తు పెట్టుకుంటే ఊరు చల్లగా ఉంటుంది.