ఖాళీ గడులు

మా ప్రాంతమున, అనగా జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పల్లెలలో, చేతి ఫోను లేని యిల్లు నేడు అరుదు. ఒకప్పుడు వైకుంఠపాళియు పులిజూదమును ఆడిన అరుగులమీదనే మన బాలురు కూర్చుండి ఆకాశయుద్ధపు టాటల నాడుచున్నారు. పెద్దలు దీనిని కాలహరణమని గర్హింతురు. మేమును కొంతకాల మట్లే తలచితిమి. కాని పదవ తరగతి బాలు డొకడు ఒకనాడు చరిత్రపాఠము నడుమ లేచి, "ఆ ఆటల మన దేశం వరుసే లేదు సార్. అప్పుడు మన దగ్గర జెట్లు లేకుండెనా?" అని యడిగెను. ఆ ప్రశ్నకు మాకు తోచిన సమాధానము ఒక వాక్యములో ఇమడలేదు. అందుచేతనే యీ వ్యాసము.

బాలుడు చెప్పిన యాట పేరు వార్ థండర్. ఇది 2012 లో వెలువడెను. ఇందు పది దేశములకు పది వరుసలు గలవు. వైకుంఠపాళిలో వలె అడుగున మొదలిడి గడి వెంట గడి యెక్కుచు పోవలెను: క్రింద పంకాతో నడచు విమానములు, వానిపైన తొలి జెట్టు విమానములు, ఆపైన నేటివి. అమెరికా, రష్యా, బ్రిటను మున్నగు పెద్ద దేశముల గడులన్నియు క్రిక్కిరిసి యుండును. చిన్న వరుసలలోనో, పంకా విమానములు ముగిసి జెట్టు లారంభమగు తావున మెట్లు విరిగిన నిచ్చెనవలె ఖాళీలు కనబడును. ఆట నిర్మించువారు ఆ లోటును పూడ్చుటకై ఇతర దేశముల నరువు తెత్తురు. స్వీడనుకు ఫిన్లండును, ఇటలీకి హంగెరీని జోడించిరి. భారతదేశమునకు వేరు వరుస లేదు. మన యుద్ధయంత్రములు కొన్ని బ్రిటిషువారి వరుసలో చేర్చబడినవి. స్వాతంత్ర్యము వచ్చి డెబ్బదియైదేండ్లు దాటిన పిమ్మట కూడ మనము ఆ వరుసలోనే కూర్చుండుట చూచి మాకు నవ్వును వచ్చినది, చిన్న నొప్పియు కలిగినది.

ఈ ఖాళీలు ఆటవారి అలక్ష్యముచేతనే కలిగినవి కావు. జెట్టు విమానము మొదట 1939 ఆగస్టు 27 న జర్మనీలో ఎగిరెను. ఇంగ్లండులో విట్టిలు రూపొందించిన ఇంజనుతో 1941 మే 15 న ఎగిరెను. 1944 లో నీ రెండు దేశముల జెట్లును యుద్ధమున దిగినవి. జపానువారి కిక్క అను విమానము 1945 ఆగస్టులో నెగిరెను గాని పోరాడుటకు వ్యవధి లేకపోయెను. యుద్ధానంతరము పదియేండ్లపాటు జెట్లను స్వయముగా చేయగల దేశములను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. తక్కినవారందరును కొనిరి, లేదా అనుమతి పొంది ఒకరి నమూనాను తమ కర్మాగారములలో కట్టిరి. ఇటలీ కట్టిన వాంపైరు బ్రిటిషుదే. కావున ఒకే యంత్రము పది దేశములలో పది చిహ్నములతో ఎగిరినది. ఆటలో దానికి పెక్కు వరుసలలో గడులు లభించును. కాని కొని, నడపి, దానితోనే మరణించినను వేరు వరుస లేనివానికి తనదను గడి లేదు.

ఇక మన హైదరాబాదు సంగతి చూతము. మొదటి ప్రపంచయుద్ధకాలమున నిజాము ఇచ్చిన ధనముతో 1918 లో బ్రిటిషువారి 110 వ స్క్వాడ్రను విమానములను సమకూర్చుకొని 'హైదరాబాదు' పేరు ధరించెను. రెండవ యుద్ధమున 152 వ స్క్వాడ్రను కును అదే పేరు కలిగెను. అది స్పిట్‌ఫైరు విమానములతో ఇంగ్లండు ఆకాశమున పోరాడినది. ఆ ధనము ఏ ఖజానానుండి పోయినను దాని మూలము రైతు నాగటి చాలులోనే గలదని మా యభిప్రాయము. ఆ రైతునకు ఆ విమానము లెట్లుండునో తెలియదు. 1946 జులై 4 న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగిన నాడు ఊరివారి చేతులలో నున్నవి కర్రలును వడిసెలలును మాత్రమే. అప్పటికి ఇంగ్లండు కర్మాగారములలో వాంపైరులు తయారగుచున్నవి.

1948 సెప్టెంబరు 13 మొదలు 17 వరకు జరిగిన పోలీసుచర్యలో భారత వైమానికదళము వాడినది టెంపెస్టులను, అనగా పంకా విమానములను. మన దేశమునకు తొలి వాంపైరులు వచ్చినది అదే సంవత్సరము నవంబరులో. రెండు నెలల యెడము! హైదరాబాదు రాజ్యమునకు జెట్టుయుగపు గడి ఎన్నడును లేకపోయెను. అయినను చరిత్ర చేసిన పరిహాస మొకటి గలదు. ఆ 152 వ హైదరాబాదు స్క్వాడ్రనును బ్రిటిషువారు 1954 లో పునరుద్ధరించి దానికి మీటియరు జెట్ల నిచ్చిరి. రాజ్యము పోయిన పిమ్మట రాజ్యము పేరు పరదేశమున జెట్టునెక్కినది.

భారతదేశపు వరుసను ఇప్పుడు మేమే కట్టి చూపుదుము. ఆసియాలో జెట్లను సమకూర్చుకొని నడపిన తొలి వైమానికదళము మనదే యని చరిత్రకారులు చెప్పుదురు. వాంపైరు శరీరమున కొంతభాగము కొయ్యతో చేయబడినది. మన వడ్రంగులు విన్నచో సంతోషింతురు. బెంగుళూరులోని హిందుస్థాన్ సంస్థ వానిని అనుమతితో నిర్మించెను. 1953 లో ఫ్రాన్సునుండి ఊరగాను వచ్చెను; మనవారు దానికి తూఫానీ యని పేరిడిరి. 1957 లో మిస్టీరు, హంటరు విమానములు వచ్చినవి. కాన్‌బెర్రా బాంబరులును ఆ కాలమందే చేరినవి. పిమ్మట బెంగుళూరులో కట్టిన చిన్ని నాటు. ఇంతటి వరుసలో ఖాళీ యెక్కడ?

వీనిలో ప్రతి గడికిని రక్తపు మరకలు గలవు. 1965 సెప్టెంబరు 1 న ఛాంబు రంగమున వృద్ధములైన వాంపైరులను పంపవలసి వచ్చి ఒక్క సాయంకాలమున నాలుగింటిని కోల్పోయితిమి. అవి 45 వ స్క్వాడ్రనువి. అదే నెల 7 న సర్గోధాపై దాడిలో స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య తన మిస్టీరుతో, ధ్వనిని మించిన వేగముగల స్టార్‌ఫైటరు నెదిరించి కూల్చి, తానును తిరిగి రాలేదు. మందగామి శీఘ్రగామిని గెలిచిన యీ కథ మనకు చాలకాలము తెలియలేదు. ఒక ఆంగ్లరచయిత గ్రంథము మూలమున బయటపడినది. మహావీరచక్ర మాయనకు 1988 లో లభించెను, ఇరువదిమూడేండ్ల తరువాత. ఆటలోని ఖాళీని నిందించుటకు మున్ను మన జ్ఞాపకములోని యీ ఖాళీని చూడవలదా?

మారుతము సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను. ఏలయన మన వరుసలో నిజమైన ఖాళీ అక్కడనే గలదు. జర్మను నిర్మాత కుర్ట్ టాంకు బెంగుళూరునకు వచ్చి మనవారితో కలిసి రచించిన హెచ్.ఎఫ్. 24 మారుతము 1961 జూన్ 17 న తొలిసారి ఎగిరెను. అందమైన యాకృతి, కాని ఆ యాకృతికి తగిన బలము ఇంజనులో లేదు. బలమైన ఆర్ఫియసు రకమును పెంపొందించుటకు బ్రిటిషు సంస్థ ధనసహాయము కోరగా మన ప్రభుత్వము వెనుదీసెను. పిమ్మట ఈజిప్టువారి ఇంజనును పరీక్షించిరి, అదియు ఫలింపలేదు. ధ్వనివేగమును దాటవలసిన విమానము దాని గడప యొద్దనే నిలిచిపోయెను. మొత్తము 147 నిర్మింపబడి, 1971 యుద్ధమున మరుభూమిలో చక్కగా సేవచేసినవి. రూపాయల లెక్కలో ఆనాటి నిర్ణయము మితవ్యయమే కావచ్చును. మా దృష్టికి మాత్ర మది పంట చేతికి వచ్చునప్పుడు కాలువకు అడ్డకట్ట వేయుటవంటిది.

తెలుగుదేశమునకు ఈ కథలో గల చోటు చిన్నది కాదు. హకీంపేటలో మన యువకులు వాంపైరులపై జెట్టువిద్య నభ్యసించిరి. దుండిగల్లులోని వైమానిక విద్యాలయము నేటికిని నడచుచున్నది. 1923 లో హైదరాబాదున పుట్టి నిజాముకళాశాలలో చదివిన ఇద్రీసు హసను లతీఫు 1942 లో దళమున చేరి, పంకా విమానములతో మొదలిడి, 1978 లో వైమానికదళాధిపతి యయ్యెను. ఒక్క జీవితములో ఆ నిచ్చెన యంతయు ఎక్కిన మనుష్యుడు! మా ప్రాంతపు విద్యార్థులలో ఆయన పేరు విన్నవానిని మేము ఇంకను చూడలేదు. మెసర్‌స్మిటు పేరు వినని వానినిని చూడలేదు.

ఈ సంగతులన్నియు రెండు గంటలలో చెప్పితిమి. ఆ బాలుడు నోటుపుస్తకము చివరి పుటలో నిచ్చెన గీసి ఒక్కొక్క పేరు వ్రాసికొనెను. మారుతము తరువాత ఏమని యడిగెను. తేజస్సు 2001 జనవరి 4 న ఎగిరెననియు, 2016 జులై 1 న దానిని మొదట స్వీకరించినది ఛాంబులో నాలుగు వాంపైరులను కోల్పోయిన ఆ 45 వ స్క్వాడ్రనే యనియు చెప్పితిమి. వాని ముఖము వికసించెను. "ఇంజను మనదేనా సార్?" అనెను. అమెరికాది యంటిమి. వాడు కొంచెముసేపు ఆలోచించి, ఆ గడిని నడిమికి అడ్డగీతతో రెండుగా చీల్చి, పైభాగమున పేరు వ్రాసి, క్రిందిభాగమును ఖాళీగా విడిచి పుస్తకము మూసెను.