కౌంటీల తీర్మానం, ఐరిష్ భాష

ఐర్లండ్‌లో కౌంటీ కౌన్సిల్ సమావేశాల్లో ఒక పాత అలవాటు ఇంకా ఉంది. వేరే కౌంటీ నుంచి వచ్చిన తీర్మానాన్ని చదువుతారు. నచ్చితే బలపరుస్తారు, లేకపోతే చూశామని రాసి పక్కన పెడతారు. తీరడం, తీర్పు, తీర్మానం ఒకే కుదురు మాటలు కదా. కానీ ఈ తీర్మానాలతో అక్కడికక్కడ ఏదీ తీరదు. చట్టం చేసే అధికారం కౌన్సిళ్ళకు లేదు. మరి ఎందుకు పంపుకుంటారు? దీనికి జవాబు 1909లో దొరికింది నాకు.

1898 చట్టం వచ్చేదాకా ఇక్కడి కౌంటీలను నడిపింది భూస్వాముల గ్రాండ్ జ్యూరీలు. 1899లో మొదటిసారి ఎన్నికైన కౌన్సిళ్ళు వచ్చాయి. అదే సంవత్సరం అవి కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. పేరు జనరల్ కౌన్సిల్ ఆఫ్ కౌంటీ కౌన్సిల్స్. కౌంటీలు తమ ప్రతినిధులను పంపేవి. ఒక కౌంటీలో పుట్టిన తీర్మానం పది కౌంటీలు తిరిగి, బలం పుంజుకుని, ఈ సభకు చేరేది. ఇక్కడ గెలిస్తే అది దేశం కోరికగా లండన్‌కు వినిపించేది. రోడ్లు, పన్నులు, భూమి ఇవే ఎక్కువ. నిజం చెప్పాలంటే చదవడానికి విసుగు.

1908లో కొత్త చట్టం నేషనల్ యూనివర్సిటీని స్థాపించింది. వెంటనే ఒక ప్రశ్న లేచింది: ఇందులో చేరడానికి ఐరిష్ భాష తెలిసి ఉండాలా? 1901 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చినవాళ్ళు సుమారు 14 శాతమే. డగ్లస్ హైడ్ నాయకత్వంలో గేలిక్ లీగ్ "ఉండాలి" అంది. ఇయొన్ మాక్‌నీల్ దాని కోసం ఒక చిన్న పుస్తకమే రాశాడు. కాథలిక్ బిషప్పుల స్థాయీ సంఘం "బలవంతం వద్దు" అంది. జాతీయవాదుల పెద్ద నాయకుడు జాన్ డిల్లన్ కూడా వద్దన్నాడు. మేనూత్‌లో ఐరిష్ ఆచార్యుడు మైకేల్ ఓ'హికీ బిషప్పులను గట్టిగా విమర్శించి ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

మాటల్లోనే యుద్ధం ఉంది చూడండి. లీగ్ వాళ్ళు "అత్యవసరం" అనేవారు, ఎదుటివాళ్ళు "నిర్బంధం" అనేవారు. విషయం ఒకటే!

అప్పుడు కౌంటీల సంఘం రంగంలోకి దిగింది. ఐరిష్ ఉండాలని 1909లో తీర్మానించింది. బిషప్పులను కాదని నిలబడటం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. కౌన్సిలర్లలో చాలామందికి ఆ భాష రాదు కూడా. సమావేశాలు జరిగేది ఇంగ్లీషులో. అయినా వాళ్ళ చేతిలో ఒక తాళంచెవి ఉంది. 1908 చట్టం ప్రకారం విద్యార్థులకు స్థానిక పన్ను నుంచి స్కాలర్‌షిప్పులు ఇచ్చేది కౌంటీలే. భాష లేకపోతే డబ్బు లేదు అని కౌన్సిళ్ళు ఒకదాని తర్వాత ఒకటి చెప్పసాగాయి. డబ్లిన్ కాలేజీ పాలకమండలిలో సంఘం ఎన్నుకున్న సభ్యులకు చోటు కూడా ఉంది. 1910 జూన్‌లో విశ్వవిద్యాలయం సెనేట్ ఒప్పుకుంది. 1913 నుంచి ఐరిష్ లేనిదే ప్రవేశం లేదు.

అదే 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అక్కడా చట్టం చేసే అధికారం లేని మనుషులే, చేతిలో తీర్మానమే. మన వాళ్ళకు 1953 దాకా పట్టింది. వాళ్ళ దగ్గర స్కాలర్‌షిప్పుల సంచి లేదు మరి.

నిర్బంధం మంచిదేనా? నేను అటూ ఇటూ ఊగుతాను. స్కూల్లో ఐరిష్ పేరు చెబితే ముఖం చిట్లించే ఐరిష్ స్నేహితులు నాకు చాలామంది ఉన్నారు. 1973లో ప్రభుత్వం కూడా స్కూలు ఆఖరి పరీక్ష పాసవడానికి ఐరిష్ తప్పనిసరి అన్న నియమం తీసేసింది. నన్ను తెలుగు చదవమని ఎవరూ బలవంతపెట్టలేదు. ఇంగ్లీషు మీడియంలో చదివి, అరవై దాటాక అచ్చులు దిద్దుతున్నాను. ఎవరైనా ఒత్తిడి చేసి ఉంటే బాగుండేదని కొన్ని రోజులు అనిపిస్తుంది.

ఆ పాత సంఘం ఇప్పుడు లేదు. కౌన్సిలర్ల తరఫున ఇప్పుడు అసోసియేషన్ ఆఫ్ ఐరిష్ లోకల్ గవర్నమెంట్ మాట్లాడుతుంది. కానీ ఆ తీర్మానం తెచ్చిన నియమం నేషనల్ యూనివర్సిటీలో ఇంకా ఉంది. మా గుడికి వచ్చే కుటుంబాల్లో ఇది రోజూ వినే మాట. గుంటూరులో పుట్టిన అక్క దరఖాస్తు పెట్టుకుంటే ఐరిష్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. డబ్లిన్‌లో పుట్టిన తమ్ముడు మాత్రం చదవాల్సిందే.