పంపు స్క్రూ కథ: ఒంగోలు ఎద్దు నుంచి రీమ్యాప్ పికప్ దాకా

పోయిన ఎపిసోడ్ చూసిన ఒక తమ్ముడు నాకు ఒక వీడియో పంపించాడు. హైవే మీద ఒక పికప్ బండి, వెనకాల మిర్చి టిక్కీలు లేవు, ఖాళీ బండే. డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కగానే సైలెన్సర్ నుంచి నల్లటి పొగ గుప్పున వచ్చింది. వెనకాల బైక్ మీదున్న మనిషి కనపడకుండా పోయాడు. కింద తమ్ముడు అడిగిన ప్రశ్న ఒక్కటే: "అన్నా, మా బండికి కూడా ఇట్టా పవర్ పెంచమంటావా?"

ఈ ప్రశ్నకి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ గుంటూరు, ప్రకాశం వైపు ఈ ప్రశ్న ఈరోజు పుట్టింది కాదు. మన తాతల కాలం నుంచీ ఉంది. అప్పుడు బండికి ఇంజిన్ లేదు, ఎద్దులున్నాయి. అంతే తేడా. అందుకే ఈరోజు కథ అక్కడి నుంచే మొదలుపెడతా.

ముందు హార్స్ పవర్ అంటే ఏంటో చూద్దాం. స్టీమ్ ఇంజిన్లు అమ్ముకునే జేమ్స్ వాట్, తన ఇంజిన్ ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడానికి ఈ లెక్క పెట్టాడు. మనం వాడే మెట్రిక్ లెక్కలో అయితే 75 కిలోల బరువుని ఒక సెకనులో ఒక మీటరు పైకి లేపితే అది ఒక హెచ్‌పీ. బాగా గుర్తుపెట్టుకోండి, ఇందులో రెండు విషయాలున్నాయి. ఒకటి బరువు, రెండోది ఎంత తొందరగా లాగామన్నది. బరువు ఒక్కటే పవర్ కాదు, స్పీడ్ ఒక్కటే పవర్ కాదు. ఈ కథంతా ఆ రెండింటి మధ్యే తిరుగుతుంది.

మన వ్యవసాయం పుస్తకాల్లో ఒక జత ఎడ్లకి సుమారు ఒక హెచ్‌పీ అని లెక్క కడతారు. మరి ఒక్క హెచ్‌పీతో మనవాళ్ళు ఎట్లా నెగ్గుకొచ్చారు? మనది నల్లరేగడి నేల. వాన పడితే చక్రం ఇరుసు దాకా దిగిపోతుంది. అక్కడ కావాల్సింది పరుగు కాదు, పట్టు. ఒంగోలు గిత్తకి పేరొచ్చింది ఆ పట్టు వల్లే. ఆ జాతి ఎంత దూరం పోయిందంటే, ఈరోజు బ్రెజిల్లో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతివి. నెలోర్ అంటే మన నెల్లూరే. ఈ తీరం నుంచి ఓడెక్కి పోయిన పశువుల సంతతి అది.

సంక్రాంతికో తిరునాళ్ళకో మన ఊళ్ళల్లో బండలాగుడు పోటీలు చూసే ఉంటారు. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని ఎడ్ల వయసుని బట్టి విభాగాలు. ఆ విభాగానికి తగ్గ బండ. ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగితే అంత గొప్ప. ఇంత బరువు, ఇంత దూరం, ఇంత టైము. వాట్ పేరు వినని మన రైతు కూడా కొలిచింది హార్స్ పవర్‌నే! ఇంకో సంగతి చూడండి. రెండు పళ్ళ ఎడ్లకి సీనియర్ల బండ కట్టరు. కడితే ఎద్దు కాళ్ళు పోతాయని అక్కడ నిలబడ్డ ప్రతి ఒక్కరికీ తెలుసు. ఈ మాట మళ్ళీ చివర్లో పనికొస్తుంది.

ఇప్పుడు ఇంజిన్ దగ్గరికొద్దాం. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజినీరు 1897లో బాగా పనిచేసే మొదటి ఇంజిన్ చూపించాడు. సుమారు మూడు మీటర్ల ఎత్తు, టన్నుల బరువు, పవర్ మాత్రం 20 హెచ్‌పీ దగ్గర. దాన్ని రోడ్డెక్కించడానికి ఇంకో పాతికేళ్ళు పైనే పట్టింది.

మన దగ్గర 1954లో టాటా వాళ్ళు జర్మనీ డైమ్లర్ బెంజ్ కంపెనీతో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేయడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళు ఇప్పటికీ "బెంజి లారీ" అంటారు కదా, అది అక్కడి నుంచి వచ్చిన మాటే. 1969లో ఆ ఒప్పందం అయిపోయింది, బండి మీద బెంజ్ గుర్తు పోయి టాటా అక్షరం వచ్చింది. మాట మాత్రం పోలేదు.

ఒక చిన్న సరదా విషయం. పాత టాటా బండ్ల నంబర్లలో పవర్ దాక్కుని ఉంటుంది. చివరి రెండంకెల్ని పదితో గుణించండి. 1210 అంటే వంద హెచ్‌పీ చుట్టుపక్కల. 1986లో వచ్చిన 407 అంటే డెబ్భై చుట్టుపక్కల. ముందున్న అంకె బండి టన్నుల తరగతి. అంటే కంపెనీ బండి పేరులోనే చెప్పేసింది, ఇంత బరువుకి ఇంత పవర్ అని. మనవాళ్ళు ఆ రెండింటినీ మార్చారు.

ఎందుకు మార్చారు? దానికి నీళ్ళ కథ చెప్పాలి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. కుడి కాలువ, అంటే జవహర్ కాలువ, గుంటూరు జిల్లా దాటి ప్రకాశం దాకా వచ్చింది. అప్పటికి ప్రకాశం జిల్లా ఇంకా లేదు, 1970లో ఏర్పడింది. నీళ్ళు వచ్చాక మెట్ట చేలల్లో మిర్చి, పత్తి పెరిగాయి. పంట పెరిగితే మోత పెరుగుతుంది. పంట ఊళ్ళో ఉంటే డబ్బు కాదు, గుంటూరు యార్డులో కాటా ఎక్కితేనే డబ్బు.

పైగా మిర్చి, పత్తి రెండూ వింత సరుకులు. బరువు కంటే ముందు బండి నిండిపోతుంది. ఇనుము ఎక్కిస్తే కొంచానికే బరువు వచ్చేస్తుంది. పత్తి మూటలు ఎక్కిస్తే ఆకాశానికి లేస్తాయి కానీ బరువు రాదు. అందుకే మన దగ్గర బండి మీద మొదట జరిగిన మార్పు ఇంజిన్‌కి కాదు. బాడీకి చెక్కలు కట్టి ఎత్తు పెంచారు. తర్వాత వెనకాల కమాన్ కట్టల్లో రెండు పట్టీలు ఎక్కువ వేశారు. అప్పుడు బండి ఎక్కువ మోస్తుంది. ఎక్కువ మోసేసరికి ఇంజిన్ మొరాయించింది. "బండికి పికప్ లేదు" అన్నారు. అప్పుడు మెకానిక్ చెయ్యి పంపు మీదకి పోయింది.

ఇక్కడ ఆ పంపు సంగతి కొంచెం నిదానంగా చెప్తా. పెట్రోల్ ఇంజిన్లో స్పార్క్ ప్లగ్ ఉంటుంది. డీజిల్లో ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది కాలేంత వేడెక్కుతుంది, ఆ వేడి గాలిలోకి పంపు డీజిల్‌ని నాజిల్ ద్వారా చిమ్ముతుంది. ఎంత చిమ్మితే అంత మంట, అంత పవర్. ఆ "ఎంత" అనేదానికి పాత పంపుల్లో ఒక స్క్రూ హద్దు. కంపెనీ దాన్ని సరిచేసి, తీగ కట్టి సీలు వేసి పంపేది. సీలు తెంపి స్క్రూ తిప్పితే డీజిల్ ఎక్కువ పడుతుంది, బండి లాగుతుంది. ఐదు నిమిషాల పని.

మరి అంత తేలికైతే కంపెనీయే ఎందుకు తిప్పి ఇవ్వలేదు? ఎందుకంటే ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలాలంటే పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. స్క్రూ డీజిల్‌ని పెంచుతుంది కానీ గాలిని పెంచదు. గాలి చాలని డీజిల్ సగం కాలి మసి అవుతుంది. తమ్ముడు పంపిన వీడియోలో నల్లపొగ అదే. చాలామంది దాన్ని పవర్ అనుకుంటారు. అది పవర్ కాదు, పవర్‌గా మారకుండా బయటికి పోయిన మీ డబ్బు. కాలినంత వరకు పవర్ వస్తుంది, నిజమే. కానీ దాంతోపాటు వేడి పెరుగుతుంది. ఆ వేడి ముందు హెడ్ గాస్కెట్‌ని, తర్వాత పిస్టన్‌ని తింటుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు. మా బాబాయ్‌ది పర్చూరు వైపు. సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న ట్రక్ తీసుకున్నాడు, పాత పంపు ఉన్న బండి. ముప్పై టిక్కీలు ఎక్కాల్సిన చోట యాభై ఎక్కించేవాడు. బండి లాగట్లేదంటే మెకానిక్, "అన్నా, ఒక్క చుట్టు తిప్పుతా, చూడు" అన్నాడు. తిప్పాడు. వారం రోజులు బాబాయ్ ఊరంతా చెప్పుకున్నాడు, బండి గుర్రంలా పోతుందని. మార్చి నెల, రాత్రి పూట ఒక రైతు కాయలేసుకుని బయల్దేరారు. చిలకలూరిపేటలో టీ తాగారు. యడ్లపాడు దాటాక టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. బాబాయ్ చూశాడు. తెల్లారేసరికి యార్డులో ఉండాలని ఆపలేదు. ఇంకో మూడు కిలోమీటర్లకి ఇంజిన్ పట్టేసింది.

తెల్లవారుజామున వేరే బండి దొరికి, టిక్కీలు మార్చి, యార్డుకి పోయేసరికి ఆరోజు బేరాలు అయిపోయాయి. మర్నాడు ధర దిగింది. ఆ రైతు ఏమీ అనలేదు, తలొంచుకుని కూర్చున్నాడంట. ఆ తేడా బాబాయే తన జేబులోంచి ఇచ్చాడు. ఇంజిన్ బోరుకొచ్చింది, ఆ సీజన్ కిరాయిలన్నీ దానికే పోయాయి. "స్క్రూ తిప్పింది వాడు, కానీ ముల్లు చూసి కూడా ఆగనిది నేనురా" అంటాడు ఇప్పటికీ.

సరే, గాలి కూడా పెంచితే? అదే టర్బో. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూకీ 1905లోనే దానికి పేటెంట్ తీసుకున్నాడు. వృథాగా పోయే పొగతోనే ఒక చిన్న ఫ్యాన్ తిప్పి, గాలిని లోపలికి తోయడం. మన రోడ్ల మీద ఇప్పుడు తిరిగే పికప్‌లన్నిటికీ దాదాపుగా అది కంపెనీ నుంచే వస్తుంది. స్క్రూ పోయి ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ వచ్చింది. ఎప్పుడు, ఎంత డీజిల్, ఎంత గాలి అని అదే లెక్క చూస్తుంది. ఇప్పటి మెకానిక్ స్క్రూడ్రైవర్ బదులు ల్యాప్‌టాప్ తెచ్చి ఆ లెక్కల్ని మారుస్తాడు. దాని పేరు రీమ్యాప్. పనిముట్టు మారింది, అడిగే ప్రశ్న మాత్రం పాతదే: కంపెనీ పెట్టిన హద్దు దాటాలా?

దాటితే ఏమొస్తుందో లెక్క వేద్దాం. మనది చదును నేల, ఘాట్ రోడ్లు కావు. లోడుతో మూడు టన్నులున్న పికప్ చదును రోడ్డు మీద గంటకి 60 కిలోమీటర్లు పోవడానికి, నేను వేసిన ఉజ్జాయింపు లెక్కలో, 17 హెచ్‌పీ చాలు. 80కి 32 కావాలి. 100కి 55 కావాలి. చూశారా, స్పీడ్ రెండింతలు కూడా కాలేదు, పవర్ మూడింతలు దాటింది. ఎందుకంటే స్పీడ్ పెరిగేకొద్దీ బండి గాలితో యుద్ధం చేస్తుంది. ఎత్తుగా కట్టిన టిక్కీలు ఆ గాలికి గోడలా అడ్డం నిలబడతాయి. 2005లో వచ్చిన టాటా ఏస్‌కి ఉన్నది 16 హెచ్‌పీ. దాంతోనే లక్షలమంది బతుకు నడిపారు. అంటే అదనపు పవర్ మన రోడ్డు మీద మోతకి పనికొచ్చేది తక్కువ, ఎక్కువగా పనికొచ్చేది స్పీడుకే.

స్పీడుకి బ్రేకు బదులు చెప్పాలి. 60 బదులు 90లో పోతే బ్రేకు ఆపాల్సిన శక్తి రెండుంపావు రెట్లు అవుతుంది. రీమ్యాప్ చేసినవాడు మీ బ్రేకుల్ని, టైర్లని, చాసిస్‌ని రీమ్యాప్ చేయడు. ఇంజిన్‌కి ఆరు పళ్ళు వచ్చాయి, మిగతా బండి ఇంకా రెండు పళ్ళ దగ్గరే ఉంది.

మనం ఒక్కళ్ళమే కాదు. అమెరికాలో కావాలని నల్లపొగ వదలడం ఒక సరదా. పొగని శుభ్రం చేసే భాగాలు పీకేసిన డీజిల్ పికప్‌లు పదేళ్ళలో ఐదున్నర లక్షలకు పైగా ఉన్నాయని అక్కడి పర్యావరణ సంస్థ 2020లో అంచనా వేసింది. మన దగ్గర 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 బండ్లు. వాటి పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. డీజిల్ ఎక్కువ పోస్తే ముందు అది మూసుకుపోతుంది. అప్పుడు దాన్ని కూడా తీసేయమంటారు. ఒక తప్పు దాచడానికి ఇంకో తప్పు.

చట్టం కూడా చెప్తా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో రాసిన కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకి ఐదు వేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు ముందు ఆ మార్పునే పట్టుకునే అవకాశం ఉంది.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. బండి లాగట్లేదంటే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడు. మన మిర్చి దుమ్ముకి, పత్తి పీచుకి అది త్వరగా పూడుకుపోతుంది. టర్బో గొట్టాలకి ఎక్కడైనా చీలిక ఉందేమో చూడు. నాజిళ్ళు టెస్ట్ చేయించు. టైర్లో గాలి చూడు. పోయిన పవర్ వెనక్కి తెచ్చుకోవడం తప్పు కాదు, నేరం కాదు. ఇవన్నీ బాగుండి కూడా లాగట్లేదంటే తక్కువైంది ఇంజిన్ పవర్ కాదు, ఎక్కువైంది లోడు. యాభై టిక్కీలకి పెద్ద బండి మాట్లాడుకో, లేదా రెండు ట్రిప్పులు వెయ్యి.

బండలాగుడు పోటీలో ఎద్దు నోరుంటే చెప్పుకునేది. నోరు లేదు కాబట్టి, దాని పళ్ళు చూసి బండ కట్టే పద్ధతి పెద్దవాళ్ళు పెట్టారు. ఇంజిన్‌కీ నోరు లేదు. టెంపరేచర్ ముల్లు ఒక్కటే ఉంది. అది లేచినప్పుడు పక్కన ఆపండి. యార్డు రేపు కూడా ఉంటుంది.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటా మరి.