సముద్రానికి ఎదురుగా కట్టిన ఇళ్ళు

మన సంఘం ప్రత్యేక సంచికకు విశాఖ గురించి ఏదైనా వ్రాయమన్నారు. పోర్టు, స్టీలు ప్లాంటు సంగతులు నాకంటే బాగా వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నా పిచ్చి వేరు. ఇంగ్లీషువాళ్ళు సముద్రపు ఒడ్డున కట్టుకున్న భవనాలంటే, ఇక్కడివైనా వారి దేశంలోవైనా, నాకు చిన్నప్పటి నుంచి ఆసక్తి.

మనకు సముద్రస్నానం అంటే మాఘపౌర్ణమి, పుణ్యం. వాళ్ళకది మందు. 18వ శతాబ్దం మధ్యలో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు రోగులను సముద్రంలో మునగమని, ఆ ఉప్పునీరే త్రాగమని కూడా చెప్పేవాడు. దాంతో బ్రైటన్ అనే జాలరుల ఊరు పెద్ద పట్టణమైంది. అక్కడ యువరాజు విడిదిని 1815లో జాన్ నాష్ తిరగకట్టడం మొదలుపెట్టి, దాని మీద మన దేశపు తరహా గుమ్మటాలు నిలబెట్టాడు. వాళ్ళ ఒడ్డున మన గుమ్మటాలు, మన ఒడ్డున వాళ్ళ స్తంభాలు!

విశాఖలో కంపెనీవారి వర్తక స్థావరం 17వ శతాబ్దం చివర వెలిసింది. వన్ టౌనులో కోటవీధి అన్న పేరు ఆ కాలపుదే. హైదరాలీ మీద యుద్ధానికి మద్రాసు వెళ్ళే ఓడ ఎక్కబోమని సిపాయీలు ఎదురు తిరిగింది కూడా ఇక్కడే, 1780 అక్టోబరు 3న. తరువాతి కాలంలో కంపెనీ సైన్యంలో వయసు మళ్ళిన తెల్ల సిపాయీలను ఈ ఊళ్ళో ఉంచేవారు. అంటే ఈ ఒడ్డున గాలి పీల్చుకుంటూ కాలక్షేపం చేసిన పెన్షనర్లలో మనం మొదటివాళ్ళం కాము! సోల్జర్‌పేట పేరు ఇంకా ఉంది, 1847 నాటి సెయింట్ అలోషియస్ స్కూలు కూడా ఉంది. దొరలు మాత్రం గాలి కోసం ఉత్తరాన వాల్తేరు మిట్ట మీదికి చేరారు. 1883లో క్లబ్బు కూడా పెట్టుకున్నారు.

ఆ బంగళాల పనితనం చెప్పుకోదగ్గది. ఎత్తైన పునాది, వెడల్పాటి వరండా, సముద్రం వైపు తలుపుకు ఎదురుగా మరో తలుపు. పైన మద్రాసు టెర్రసు, అంటే టేకు దూలాల మీద పలుచటి ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కప్పడం. గానుగ సున్నంలో బెల్లపు నీళ్ళు, కరక్కాయ రసం కలిపేవారు. గోడలో, కప్పులో ఇనుము చాలా తక్కువ. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీటును పగలగొడుతుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. పాత బంగళాలో ఉన్న మా ఆఫీసులో కాగితాల మీద రాళ్ళు పెట్టకపోతే ఫైలు వరండాలోకి ఎగిరిపోయేది, ఫ్యానుతో పని లేదు. తరువాత కొత్త భవనంలోకి మార్చారు. పదేళ్ళు తిరక్కుండానే శ్లాబు పెచ్చులూడి టైపిస్టు బల్ల మీద పడింది. ఏ ఆఫీసో చెప్పను.

వీటిని దొరల కట్టడాలని తీసిపారేసేవారితో నాకు పేచీ ఉంది. టౌన్ హాలుకు డబ్బిచ్చింది బొబ్బిలి రాజావారు. 1914 నాటి కురుపాం మార్కెట్టు కురుపాం రాజావారిది, బీచి రోడ్డులోని హవామహల్ జయపురం రాజావారిది. సున్నం నూరింది, గోడ కట్టింది మన తాపీవాళ్ళు. ఇందులో పరాయిది ఎంత?

1933 అక్టోబరు 7న జలదుర్గ ఓడ కొత్త హార్బరులోకి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభోత్సవం చేశాడు. అలలకు అడ్డంగా డాల్ఫిన్ నోస్ దగ్గర రెండు పాత ఓడలనే ముంచారట! ఆ తరువాత ఊరు పెరిగింది, వన్ టౌను వెనకబడింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి, మిగిలిన పెంకుటి కప్పులు ఎన్నో లేపేసింది. వాల్తేరు బంగళాల స్థానంలో అపార్టుమెంట్లు లేస్తున్నాయి. బ్రైటన్‌లోనూ 1866 నాటి వెస్ట్ పియర్ 1975లో మూతపడి, 2003లో కాలిపోయింది. అయితే దాని కొలతలు, బొమ్మలు వారి దగ్గర పదిలంగా ఉన్నాయి.

మన దగ్గర ఉన్నవి గ్రూపు ఫోటోలు. బదిలీకో, రిటైర్మెంటుకో పూలదండలు వేసుకుని ఆఫీసు మెట్ల మీద వరసగా నిలబడి తీయించుకున్నవి. మన తలల వెనుక కనబడే స్తంభాలు, కమానులు చాలాచోట్ల ఇప్పుడు ఆ ఫోటోల్లోనే ఉన్నాయి. కోటవీధి, సోల్జర్‌పేట, వాల్తేరు ప్రాంతాల పాత బంగళాల్లో పనిచేసిన మిత్రులు, కాలం చేసిన మిత్రుల కుటుంబాలవారు ట్రంకు పెట్టెలు ఒకసారి వెతకండి. సంఘం ఆఫీసుకు తెస్తే కాపీ తీసుకుని అసలు ఫోటో అప్పుడే ఇచ్చేస్తాము. వెనుక పెన్సిలుతో ఆఫీసు పేరు, సంవత్సరం వ్రాయడం మరువకండి.